ఓటుకు వెల కట్టిన రోజులు

సభ్య విద్య: సంఘ సమావేశాలలో చదివి చర్చించవలసిన పాఠం

సర్వసభ్య సమావేశానికి ముందు ఓటర్ల జాబితా తయారు చేయడం ప్రతి సంఘ కార్యదర్శికీ తెలిసిన పనే. పాల లెక్కల పుస్తకం ముందు వేసుకొని, ఎవరు ఎన్ని రోజులు పాలు పోశారు, ఎవరి పేర బాకీ ఉన్నది అని చూస్తారు. కొన్ని పేర్లు ఉంచుతారు, కొన్ని పేర్లు కొట్టివేస్తారు. ఒక పూటలో ముగిసే పని. కాని కొట్టివేసిన ఒక్కొక్క పేరు వెనుక ఒక కుటుంబం ఉన్నది. ఆ పేరు కొట్టివేయడానికి చూపిన కారణం న్యాయమైనదేనా అని ఎప్పుడైనా ఆలోచించామా? ఆలోచించడానికి ఈ పాఠం ఉద్దేశించబడినది. ఇందుకు ముందుగా కొంత చరిత్ర తెలుసుకుందాము.

ద్రాక్షారామం రాళ్ల మీద

ద్రాక్షారామం భీమేశ్వరాలయం చూసినవారికి అక్కడి స్తంభాల మీద, గోడల మీద ఉన్న శాసనాలు తెలుసు. అవి వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలావాటి సంగతి మన పాడి పనికి దగ్గరైనదే. స్వామి సన్నిధిలో అఖండ దీపం వెలగడానికి ఒక దాత గొర్రెలనో, ఆవులనో ఇస్తాడు. వాటిని ఒక బోయ, అంటే పశువుల కాపరి, తీసుకొని మేపుకుంటాడు. అందుకు బదులుగా అతడూ, అతని తరువాత అతని సంతతివారూ రోజుకు మానెడు నెయ్యి దీపానికి పోస్తూ ఉండాలి. దాత పేరుతోపాటు నెయ్యి పోయవలసిన కాపరి పేరు కూడా రాతి మీద చెక్కించారు.

పోయవలసిన వాని పేరు లెక్కకెక్కడం మన ప్రాంతంలో ఇంత పాత సంగతి. పోసేవాని మాట లెక్కలోకి రావడం మాత్రం చాలా కొత్త సంగతి. ఈ దేశంలో వయసు వచ్చిన ప్రతివారికీ ఓటు వచ్చి ఇంకా నూరేళ్లు నిండలేదు. అంతకు ముందు ఓటుకు పన్ను రశీదు అడ్డుగా నిలిచింది.

నేటాలు తలపన్ను

పన్నులలో తలపన్ను అనేది ఒకటి. ఆస్తిని బట్టి గాని, ఆదాయాన్ని బట్టి గాని కాక, తలకు ఇంత అని వేసే పన్ను ఇది. తోట యజమానికీ, తోటలో కూలికీ ఒకే మొత్తం. చూడడానికి అంతా సమానమే. మోయవలసి వచ్చినప్పుడే తేడా తెలుస్తుంది.

తెలుగు కూలీలు ఈ బరువు మోసినది దక్షిణాఫ్రికాలోని నేటాలులో. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకొని డర్బన్ రేవు చేరింది. నాటి నుంచి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాలు వెళ్లిన భారతీయులు లక్షా యాభై వేలకు పైగా ఉంటారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారిలో తమిళులతోపాటు గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారూ ఉన్నారు. చెరకు తోటలలో ఐదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది మగకూలికి తిండి పెట్టి నెలకు పది షిల్లింగుల జీతం ఇచ్చేవారు.

ఒప్పందం ముగిసిన కూలీలు స్వేచ్ఛగా అక్కడే స్థిరపడడం అక్కడి తెల్లవారికి ఇష్టం లేకపోయింది. 1895లో ఒక చట్టం చేశారు. దాని క్రింద వచ్చే కూలి ఒప్పందం ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్లాలి, లేదా మళ్లీ ఒప్పందం రాసుకోవాలి. ఈ రెండూ కాదంటే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. పౌనుకు ఇరవై షిల్లింగులు గనుక మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. మొదటి ఏడాది జీతం లెక్కన అది ఆరు నెలల సంపాదన. ఆడవారికీ ఈ పన్ను తప్పలేదు. 1903లో పదహారేళ్లు నిండిన కొడుకులకు, పదమూడేళ్లు నిండిన కూతుళ్లకు కూడా వర్తింపజేశారు. తండ్రి, తల్లి, ఎదిగిన కొడుకు, కూతురు ఉన్న ఇల్లు ఏటా పన్నెండు పౌన్లు కట్టాలి.

ఇంత పన్ను వేసినవారు ఓటు ఇచ్చారా? ఉన్న కొద్దిమంది భారతీయ ఓటర్ల హక్కును కూడా తీసివేయడానికి 1894లోనే నేటాలు శాసనసభలో బిల్లు వచ్చింది. దానిని ఎదిరించడానికే గాంధీగారు అక్కడ ఆగిపోయారు, నేటాల్ ఇండియన్ కాంగ్రెసును స్థాపించారు. అయినా 1896లో చట్టం రానే వచ్చింది. భారతీయులు ఇక ఓటర్ల జాబితాలో చేరకుండా తలుపు మూశారు.

1913 అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనుల కూలీలు ఈ పన్నుకు వ్యతిరేకంగా సమ్మె కట్టారు. సమ్మె చెరకు తోటలకు పాకింది. నవంబరులో వేలమంది కాలినడకన ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. జైళ్లు నిండాయి, ప్రాణాలు కూడా పోయాయి. చివరకు 1914లో ఇండియన్ రిలీఫ్ చట్టం ద్వారా మూడు పౌన్ల పన్ను రద్దయింది.

పన్ను రద్దయింది గాని ఓటు మాత్రం రాలేదు. అందరితో సమానంగా ఓటు వేయడానికి ఆ కూలీల సంతతి 1994 ఏప్రిల్ 27 వరకు ఆగవలసి వచ్చింది. అంటే పన్ను పోయిన తరువాత మరి ఎనభై ఏళ్లు.

డెల్టాలో శిస్తు ఓటు

ఊరు విడిచి వెళ్లినవారి సంగతి అది. ఊళ్లోనే ఉన్నవారి సంగతి ఎలా ఉండేదో చూద్దాము.

1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం మద్రాసు శాసనమండలికి 1920లో ఎన్నికలు జరిగాయి. ఓటరు కావాలంటే పల్లెటూళ్లలో ఏడాదికి కనీసం పది రూపాయల శిస్తు విలువ గల భూమి పేర ఉండాలి. పట్టణాలలో మునిసిపల్ పన్ను కట్టి ఉండాలి. ఆదాయపు పన్ను కట్టేవారికి, సైన్యంలో పనిచేసి వచ్చినవారికి కూడా ఓటు ఉండేది. నాలుగు కోట్లకు పైబడిన జనాభాలో ఓటర్లు సుమారు 12 లక్షల 50 వేల మంది. నూటికి ముగ్గురన్న మాట. కాంగ్రెసు ఆ ఎన్నికలను బహిష్కరించింది. ఓటు వేసినవారు మూడు లక్షలకు కొంచెం మించి ఉన్నారు.

ఈ లెక్కను ఒక కాలువ గట్టు ఊరికి అన్వయించి చూడండి. పట్టాదారుకు ఓటు ఉన్నది. అతని చేలో ఊడ్చే కూలికి లేదు. అతని గేదెలను మేపే పాలేరుకు లేదు. ఆ గేదెల పాలు పితికే ఇల్లాలికి లేదు. పైరూ, పాడీ వీరి చేతుల మీదుగానే నడుస్తున్నా కాలువ నీటి పన్ను గురించి గాని, అడవి చట్టాల గురించి గాని అడగడానికి వీరికి నోరు లేదు.

పశువులు గలవారికి పల్నాడు పుల్లరి పోరాటం తెలిసే ఉంటుంది. అడవిలో పశువులను మేపుకున్నందుకు కట్టవలసిన పన్ను పుల్లరి. 1921లో పల్నాటి రైతులు దానిని కట్టము అన్నారు. వారికి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలి అయినాడు. పుల్లరి కట్టినంత మాత్రాన ఎవరికీ ఓటు రాదు. ఓటు ఉండి అడగగలిగితే తుపాకి ఎదుట నిలబడవలసిన అవసరం ఎంతమందికి తప్పేదో గదా!

1935 చట్టం తలుపును మరికొంత తెరిచింది. శిస్తు, ఇంటి పన్ను, వృత్తి పన్ను కట్టేవారు, కౌలు హక్కు గలవారు, చదవను రాయను నేర్చినవారు ఓటర్లయ్యారు. 1937 ఎన్నికలనాటికి బ్రిటిషు ఇండియా అంతటా ఓటర్లు మూడు కోట్లకు మించారు. అయినా వయసు వచ్చినవారిలో ఎక్కువమంది తలుపు బయటే ఉండిపోయారు.

ఆడవారి ఓటు

స్త్రీలకు ఓటు విషయంలో మద్రాసు ముందు నిలిచింది. స్త్రీ అయిన కారణం చేత ఓటు నిరాకరించరాదని 1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనమండలి తీర్మానించింది. బ్రిటిషు ఇండియా రాష్ట్రాలలో ఇదే మొదటిది. 1923 ఎన్నికలలో స్త్రీలు ఓటు వేశారు.

అయితే శిస్తు షరతు అలాగే ఉండిపోయింది. పట్టా మగవాని పేర ఉంటే ఆడదానికి ఓటు ఎక్కడిది? చట్టం ఆడవారికి తలుపు తీసింది, షరతు గడప ఎత్తు పెంచింది. 1935 చట్టం ఓటరు భార్యకు ఓటు ఇచ్చినప్పుడు కూడా ఆమెను ఓటరుగా నిలబెట్టినది భర్త ఆస్తే.

ఈ షరతులన్నీ ఒక్కసారిగా తొలగించినది మన రాజ్యాంగం. దానిని రచించిన సభలో రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి గారు సభ్యురాలు. 1923 కాకినాడ కాంగ్రెసు సమయంలో ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని నెహ్రూ గారినే లోపలికి పోనివ్వని పద్నాలుగేళ్ల పిల్ల ఆమె. నియమం పెద్దవానికీ, చిన్నవానికీ ఒక్కటే అని ఆనాడు చూపించింది. రాజ్యాంగం 326వ అధికరణం ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆస్తి, పన్ను, చదువు, స్త్రీ పురుష భేదం ఏవీ ఓటుకు షరతులు కారాదన్నది. ఆనాటికి కావలసినది 21 ఏళ్ల వయసు. 1989 నుంచి అది 18 ఏళ్లు.

1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి వరకు మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఓటర్లు 17 కోట్ల 32 లక్షలు. దేశంలో నూటికి ఎనభైమందికి పైగా చదువురానివారు. చదువు లేనివారు ఓటేమి వేస్తారని పెదవి విరిచినవారు ఉన్నారు. అభ్యర్థి అభ్యర్థికి వేరుగా పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించారు. జనం గుర్తు చూసి ఓటు వేశారు.

ఆ ఎన్నికలలో మన సంఘాలు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి జరిగింది. ఓటర్ల జాబితా రాయడానికి ఇంటింటికీ వెళ్లినవారికి చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య అనో, ఫలానా వారి తల్లి అనో రాయించారు. అలా రాసిన పేర్లు చెల్లవని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారు నిర్ణయించారు. సొంత పేర్లు రాయించడానికి గడువు ఇచ్చారు. గడువు దాటినా పేరు చెప్పనివారు సుమారు 28 లక్షల మంది. వారంతా ఓటు పోగొట్టుకున్నారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారే. రాజ్యాంగం ఇచ్చిన ఓటు కూడా పుస్తకంలో సొంత పేరు లేకపోతే చేతికి రాదని అప్పుడు తెలిసింది.

అమెరికాలో ఒకటిన్నర డాలరు

ఓటుకు పన్ను కట్టించుకోవడం మన దేశానికే పరిమితం కాదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో ఓటు వేయాలంటే తలపన్ను కట్టి ఉండాలనే నిబంధన చాలాకాలం ఉన్నది. వర్జీనియాలో అది ఏడాదికి ఒకటిన్నర డాలరు. పెద్ద మొత్తం కాదనిపిస్తుంది. నీగ్రోలని అప్పట్లో పిలిచిన నల్లజాతివారిని, వారితోపాటు పేద తెల్లవారిని ఓటుకు దూరంగా ఉంచడానికి ఆ మొత్తం సరిపోయింది.

1964లో అమెరికా రాజ్యాంగానికి 24వ సవరణ వచ్చి, జాతీయ ఎన్నికలలో ఈ పన్ను షరతును రద్దు చేసింది. రాష్ట్ర ఎన్నికలలో అది మిగిలి ఉండగా 1966లో వర్జీనియా కేసులో వారి సుప్రీంకోర్టు దానినీ కొట్టివేసింది. ఒక మనిషి ఓటు వేయడానికి తగినవాడా కాడా అన్నదానికీ, అతడు రుసుము కట్టగలడా లేడా అన్నదానికీ సంబంధం లేదన్నది ఆ తీర్పు సారాంశం. 1964 నాటికి మన డెల్టా కూలి లోక్‌సభకు మూడుసార్లు ఓటు వేసి ఉన్నాడు.

ఆ తీర్పులోని మాట మన పాఠానికి కీలకం. షరతు పెట్టడం తప్పు కాదు. పెట్టిన షరతుకూ, అడుగుతున్న పనికీ సంబంధం ఉన్నదా అని చూడాలి. ఆ షరతు ఎవరిని బయట నిలబెడుతున్నదో కూడా చూడాలి.

మన సంఘంలో ఓటు

సహకార సంఘంలో ఒక సభ్యునికి ఒకే ఓటు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేత పనివారు స్థాపించిన సంఘం నాటి నుంచి వస్తున్న సూత్రం ఇది. కంపెనీలో వాటాకు ఓటు, మన సంఘంలో మనిషికి ఓటు. దీని విలువ ఒక లెక్కతో తెలుసుకుందాము. ఒక సంఘంలో రోజుకు ఇరవై లీటర్లు పోసేవారు పదిమంది, రెండు లీటర్లు పోసేవారు అరవైమంది ఉన్నారనుకోండి. లీటరుకు ఒక ఓటు అయితే పదిమంది చేతిలో 200 ఓట్లు, అరవైమంది చేతిలో 120 ఓట్లు ఉంటాయి. మనిషికి ఒక ఓటు అయితే వారివి పది, వీరివి అరవై.

ఇక షరతుల సంగతి. పాల సంఘాలలో సాధారణంగా రెండు ఉంటాయి. ఏడాదిలో ఇన్ని రోజులు లేదా ఇన్ని లీటర్ల పాలు పోసి ఉండాలన్నది మొదటిది. సంఘానికి బాకీ పడి ఉండరాదన్నది రెండవది. మీ సంఘం బైలా పుస్తకంలో ఇవి ఎలా ఉన్నాయో తప్పక చదవండి.

మొదటి షరతు తలపన్ను వంటిది కాదు. పాల సంఘంలో నిర్ణయాలు పాలు పోసేవారు చేయాలన్నది న్యాయమే. ఏడాది పొడుగునా పాలు బయటి వ్యాపారికి పోసి, ఎన్నికల రోజున మాత్రం సంఘానికి వచ్చేవారిని ఈ షరతు ఆపుతుంది. దానిని తీసివేయమని ఈ పాఠం చెప్పడం లేదు. కాని అందరికీ ఒకే అంకె అయినంత మాత్రాన అందరి మీదా ఒకే బరువు పడదని నేటాలు మనకు చెప్పింది.

ఒక ఉదాహరణ తీసుకుందాము. బైలాలో 180 రోజులని ఉన్నదనుకోండి. ఒక సభ్యురాలికి ఒకటే గేదె. ఏప్రిల్ నుంచి జూలై చివరిదాకా రోజూ పాలు పోసింది. అవి 122 రోజులు. ఆగస్టులో గేదె వట్టిపోయింది. ఫిబ్రవరి 1న ఈనింది. జున్నుపాలు ఐదు రోజులు తీసివేస్తే మార్చి నెలాఖరుకు మరి 54 రోజులు. మొత్తం 176. నాలుగు రోజులు తక్కువ. పేరు కొట్టివేశారు! ఆమె ఒక్క చుక్క కూడా బయటివారికి పోయలేదు. నాలుగు గేదెలు ఉన్న ఇంట్లో ఒకటి వట్టిపోతే మరొకటి పాలిస్తుంది గనుక ఈ షరతు వారికి తగలనే తగలదు. ఏడాదంతా బయట పాలు అమ్మి, ఆఖరి ఆరు నెలలు సంఘానికి పోసినవారికి మాత్రం ఓటు వస్తుంది. సంఘాన్ని కాపాడడానికి పెట్టిన నియమం సంఘాన్ని నమ్ముకున్న మనిషి మీద పడింది.

బాకీ సంగతీ ఇంతే. దాణా అరువు తీసుకున్న సభ్యునికి బాకీ ఉన్నట్లు సమావేశం రోజున తలుపు దగ్గర చెప్పడం సరికాదు. ముందుగా చెబితే పాల బిల్లులో వాయిదాల మీద మినహాయించుకొని తీర్చగలడు.

పాలకవర్గాలు చేయదగిన పనులు

ఒకటి: ఓటర్ల జాబితాను కొన్ని వారాల ముందే పాల కేంద్రం గోడకు అంటించాలి. చదువురానివారి కోసం పాలు పోసే వేళ పేర్లు చదివి వినిపించాలి. పేరు లేనివారికి కారణం చెప్పాలి, అభ్యంతరం చెప్పుకొనే గడువు ఇవ్వాలి.

రెండు: మూడు నెలలకొకసారి ప్రతి సభ్యుని పాస్‌బుక్కులో ఆనాటి వరకు పోసిన రోజుల సంఖ్య రాయాలి.

మూడు: గేదె వట్టిపోయిన తేదీ, ఈనిన తేదీ సభ్యులు సంఘంలో రాయించాలి. ఒక గేదె ఇళ్లకు వట్టి నెలలను ఎలా లెక్కించాలో సర్వసభ్య సమావేశంలో చర్చించి, అవసరమైతే బైలా సవరణకు తీర్మానించాలి. ఒక ఏడాది బదులు రెండేళ్ల లెక్క చూడడం ఒక మార్గం.

నాలుగు: బాకీ నోటీసు ముందుగా రాతమూలకంగా ఇవ్వాలి. పాలకవర్గ సభ్యుల బంధువులకూ, ఇతరులకూ ఒకే పద్ధతి పాటించాలి.

ఐదు: చాలా ఇళ్లలో మేత వేసేదీ, పాలు పితికేదీ, కేంద్రానికి తెచ్చి పోసేదీ ఆడవారు. సభ్యత్వం మాత్రం మగవారి పేర ఉంటుంది. 28 లక్షల మంది తల్లుల సంగతి ఇప్పుడే చదివాము. పాలు పోసే స్త్రీని సభ్యురాలిగా చేర్చుకోండి. వాటా ధనం ఒకేసారి కట్టలేకపోతే పాల డబ్బులో కొద్దికొద్దిగా తీసుకోండి. పుస్తకంలో ఫలానా వారి భార్య అని కాక ఆమె పేరు రాయండి.

చర్చకు ప్రశ్నలు

1. గత సర్వసభ్య సమావేశానికి మన సంఘంలో ఎంతమంది సభ్యులకు ఓటు లేకపోయింది? వారిలో ఒకే గేదె గలవారు ఎందరు?

2. వారిలో ఎందరికి ఆ సంగతి ముందుగా తెలుసు?

3. రోజూ కేంద్రానికి పాలు తెచ్చే స్త్రీలలో సభ్యులైనవారు ఎందరు?

4. మన బైలాలోని ఓటు షరతు ఎవరిని ఆపడానికి పెట్టినది? నిజంగా ఎవరిని ఆపుతున్నది?

ఈ ప్రశ్నలకు జవాబులు మీ సంఘం పుస్తకాలలోనే దొరుకుతాయి. వచ్చే సమావేశానికి జాబితా రాయడం మొదలుపెట్టే ముందు కార్యదర్శి, పాలకవర్గ సభ్యులు కలిసి ఒక పూట కూర్చుని వాటిని చూడవలెనని కోరుతున్నాము.